లక్ష్యవేధి: బికానేరు మహారాజా డాక్టరు కర్ణీసింగుగారి చరిత్రము

ఏటేట జరుగు మహాసభను పురస్కరించుకొని వెలువడు సంచికయందు ఒక మహాపురుషుని జీవితచరిత్రము నుంచుట మన సంఘమున పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. ఆ భారమును ఈ యేడు మాపై నుంచిన కార్యనిర్వాహకులకు మా కృతజ్ఞత. ఇదివరలో దాతలను గూర్చియు, కవులను గూర్చియు, సత్రములు కట్టించిన వర్తకశ్రేష్ఠులను గూర్చియు చదివిన మన సోదరులకు ఈ పర్యాయము తుపాకి చేతబట్టిన యొక క్షత్రియుని చరిత్రమును వినిపింప బూనితిమి. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. అహింసను కులధర్మముగా నెంచు వర్తకుల సంచికలో తుపాకి మాట యేల యని యడుగువారును ఉందురు. దానికి సమాధానము ఈ చరిత్రమునందే దొరకును గనుక ఓపికతో తుదివరకు చదువ బ్రార్థించుచున్నాము.

మన ఉస్మాన్‌గంజ్ వీథులలో ధాన్యపు మూటల నడుమ, కిరాణా సరకుల నడుమ తెలుగు వర్తకుడును మార్వాడీ వర్తకుడును ప్రక్కప్రక్కన గద్దెలపై గూర్చుండి తరతరములుగా వ్యాపారము సాగించుచున్నారు. ఇరుగుపొరుగువారి పండుగలు మన కెఱుకయే. వారి దేశపు మహాపురుషులు మాత్రము మనకు తెలియరు. ఆ మార్వాడీ సోదరుల పూర్వులు విడిచివచ్చిన రాజపుత్రస్థానపు టెడారిలో, ఉత్తరభాగమున నున్న నగరము బికానేరు. ఆ బికానేరు ప్రభువే మన కథానాయకుడు.

వంశము

జోధపురమును నిర్మించిన రావు జోధాకు కుమారుడైన రావు బీకా 1488లో బికానేరు నగరమునకు పునాది వైచెను. రాఠోడ్ క్షత్రియులైన ఆ వంశమువారికి కరణీమాత ఇలువేల్పు. మన కథానాయకుని పేరును ఆ దేవత పేరే.

ఈ వంశమునకును మన తెలుగుదేశమునకును గల సంబంధ మొకటి కలదు. 1669 మొదలు 1698 వరకు బికానేరు నేలిన మహారాజా అనూపసింగు ఔరంగజేబు సేనానులలో నొకడై దక్షిణాపథమున చిరకాలము గడపెను. 1687లో మన గోలకొండ దుర్గము పడిపోయిన ముట్టడిలో ఆయనయు పాల్గొనెను. తుదకు 1698లో మన ఆదవానిలోనే దేహము చాలించెను. గోలకొండ పతనమునకు చేయిసాచిన వానిని అందులకై పొగడ మాకు మన సొప్పదు. కాని యుద్ధముల నడుమ పాడుపడిపోనున్న సంస్కృత గ్రంథముల వ్రాతప్రతులను దక్షిణమున సేకరించి, భద్రముగా బికానేరునకు జేర్చిన పుణ్యము కూడ ఆయనదే. నేటికిని బికానేరునందున్న అనూప సంస్కృత గ్రంథాలయము అట్లు పుట్టినదే. ఆయన గెలిచిన కోటలు ఆయన వంశమున నిలువలేదు. కూర్చిన గ్రంథములు నిలిచినవి. ఈ మాటను చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురుగాక.

బాల్యము, విద్య

కర్ణీసింగుగారు 1924వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన బికానేరున జన్మించిరి. తండ్రి సాదూల్‌సింగుగారు, తాత సుప్రసిద్ధుడైన మహారాజా గంగాసింగుగారు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో జరిగిన వెర్సేల్సు సంధిపత్రముపై భారతదేశము పక్షమున సంతకము చేసినవారిలో గంగాసింగుగా రొకరు. సట్లెజ్ నదీజలమును కాలువద్వారా ఎడారికి రప్పించి, 1927లో ఇసుకనేలను పంటపొలముగా మార్చిన ప్రజ్ఞాశాలి యాయన. అట్టి తాతగారి చేయిపట్టుకొని తిరిగిన బాలునకు రాచరికమనగా సింహాసనమున గూర్చుండుటయే కాదనియు, ఏదో యొక పనిని సాధింపవలెననియు చిన్ననాడే తెలిసియుండును.

1941లో పదునేడేండ్ల ప్రాయమున తాతగారి వెంట మధ్యప్రాచ్య యుద్ధరంగమునకు బోయి వచ్చిరి. ఢిల్లీయందలి సెయింట్ స్టీఫెన్సు కళాశాలలోను, బొంబాయియందలి సెయింట్ జేవియర్సు కళాశాలలోను విద్యాభ్యాసముచేసి, చరిత్రము, రాజనీతి విషయములుగా పట్టభద్రులైరి. 1944లో డూంగర్పూరు రాజకుమార్తెయైన సుశీలాకుమారిని వివాహమాడిరి.

రాజ్యము పోయిన రాజు

1943లో తాతగారు గతింపగా సాదూల్‌సింగుగారు రాజైరి. 1947 ఆగస్టులో భారతదేశమున జేరుటకు ముందుగా సమ్మతించిన సంస్థానాధిపతులలో వీరొకరు. మన హైదరాబాదు సంస్థానము మాత్రము 1948 సెప్టెంబరు వరకును చేరలేదు. ఆ పదమూడు నెలల కాలమున మన జనులు పడిన యాతన మన యిండ్లలో పెద్దలు చెప్పగా విన్నదే. బికానేరు ప్రజలకు ఆ యాతన తప్పినది. 1949 మార్చి 30వ తేదీన బికానేరు రాజస్థానమున విలీనమైనది. మఱుసటి సంవత్సరము సాదూల్‌సింగుగారు లండను నగరమున స్వర్గస్థులైరి.

కావున 1950లో కర్ణీసింగుగారు మహారాజైరి కాని, ఏలుటకు రాజ్యము లేదు. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు. ధనమున్నది, కోటలున్నవి, పేరున్నది. పని మాత్రము లేదు. అట్టి స్థితిలో ఎందఱో సంస్థానాధీశులు వ్యసనములపాలై కాలము గడపిరి. కర్ణీసింగుగారు రెండు మార్గములను ఎన్నుకొనిరి. ఒకటి ప్రజాసేవ, రెండవది గురి.

1952లో జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో బికానేరు ప్రాంతమునుండి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి లోకసభకు ఎన్నికైరి. 1957, 1962, 1967, 1971 ఎన్నికలలోను ఏ పక్షమును చేరకయే గెలిచి, 1977 వరకు ఇరువదియైదేండ్లు సభ్యులుగా నుండిరి. రాజస్థానీ భాషకు రాజ్యాంగమున స్థానము కల్పింపవలెనని సభయందు వాదించినవారు వీరే. మాతృభాషకై పోరాడిన తెలుగువారమైన మనకు ఈ యంశము ప్రీతికరము కాకపోదు.

మట్టిపావురముల క్రీడ

ఇక వారికి లోకప్రసిద్ధి గలిగించిన విద్య యెట్టిదో చెప్పవలెను. గురి యనగా మన నగరవాసులకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గారి పులివేట కథలు జ్ఞప్తికి వచ్చును. ఇది అట్టిది కాదు. దీనికి ట్రాప్ అని పేరు. పూర్వ మింగ్లండున పెట్టెలలో బంధించిన సజీవములైన పావురములను ఒక్కసారిగా వదలి, ఎగురుచుండగా కాల్చెడివారు. ఆ పెట్టెకే ట్రాప్ అని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ క్రౌర్యమునకు బదులుగా మట్టిపలకలు వచ్చినవి. పావురము పోయినది గాని పేరు పోలేదు. ఆ పలకను నేటికిని మట్టిపావురమనియే పిలుచుచున్నారు. సున్నపురాతి పొడియు కీలును కలిపిచేసిన యీ పలక చిన్న మూకుడువలె నుండును. వెడల్పు 11 సెంటీమీటర్లు, బరువు ఇంచుమించు 105 గ్రాములు.

నేలలో త్రవ్విన కందకమున 15 యంత్రములుండును. వానికి 15 మీటర్ల వెనుక వరుసగా అయిదు స్థానములు. వేధకుడు తుపాకిని భుజమున కానించి కేక వేయగనే, ఏదో యొక యంత్రమునుండి పలక విసరివేయబడును. అది కుడికి బోవునో ఎడమకు బోవునో, ఎత్తున బోవునో నేలబారున బోవునో ముందుగా తెలియదు. అడ్డులేకున్న అది 76 మీటర్ల దూరమున బోయి పడును. అంతలోపల రెండు తూటాలు మాత్రము కాల్చవచ్చును. పలకనుండి కంటికి గనబడునట్లు ఒక్క ముక్క రాలినను మార్కు వచ్చును, రాలనిచో లేదు. ఇట్లు వరుసకు 25 పలకలు. ఒలింపిక్ పోటీలలో నాడు మొత్తము 200 పలకలుండెడివి.

కదలని గురిని కొట్టువాడు ఊపిరి బిగబట్టి తన సమయమునకు కాల్చవచ్చును. ట్రాప్ వేధకునకు ఆ సౌకర్యము లేదు. పలక యున్నచోట గాక, అది చేరబోవు చోటికి తుపాకి మొన చేరవలెను. ఒక పలక తప్పిపోయినపుడు దానినిగూర్చి విచారించువాడు తరువాతి దానినికూడ పోగొట్టుకొనును. మా యుపాధ్యాయవృత్తిలో పరీక్షకు గూర్చున్న బాలురయందు మేమీ దోషమునే మరిమరి చూచియున్నాము; మొదటి ప్రశ్న పోయినదని యేడ్చుచు మిగిలిన తొమ్మిదింటిని పాడుచేసికొన్నవా రెందఱో.

బికానేరు సమీపమున గజనేరు సరస్సునకు శీతకాలమున ఎడారిపక్షులు వేలకొలది గుంపులుగా నీరుత్రాగ వచ్చును. ఆ వంశమువారు అతిథులతోగూడ అచ్చట వేటాడుట ప్రసిద్ధము. కర్ణీసింగుగారి కన్ను తొలుత మెఱుగెక్కినది ఆ వేటలయందే. ఇది దాచదగిన విషయము కాదు. కాని వారికి శాశ్వతకీర్తి నిచ్చినది చంపిన పక్షులు గావు, పగిలిన మట్టిపలకలు. రక్తబిందువు రాలని యీ విద్యను మెచ్చుకొనుటకు మన యహింసావ్రతమేమియు అడ్డురాదని మా యభిప్రాయము.

రోము మొదలు కైరోవరకు

మనదేశమున నీ క్రీడకు నాడు తగిన వసతులు లేవు. తుపాకులును తూటాలును విదేశములనుండి తెప్పింపవలెను. అందులకు ప్రభుత్వపు అనుమతి కావలెను. కర్ణీసింగుగారు స్వంత ధనము వెచ్చించి సాధన చేసిరి. జాతీయ పోటీలలో పదునేడు పర్యాయములు ప్రథములుగా నిలిచిరి.

1960లో రోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు వారు తమ ముప్పదియారవ యేట వెళ్లిరి. ఇటలీవంటి దేశములలో నీ క్రీడ యింటింటి విద్య. అట్టి వారి నడుమ మనవారు ఎనిమిదవ స్థానమును పొందిరి. మఱుసటి సంవత్సరమే ప్రభుత్వము క్రీడాకారుల గౌరవార్థమై అర్జున పురస్కారమును నెలకొల్పగా, గురిపోటీలయందు దానిని మొట్టమొదట నందుకొన్నవారు కర్ణీసింగుగారే. చెట్టుమీది పక్షి కంటిని తప్ప వేరేమియు చూడని అర్జునుని పేర నెలకొన్న పురస్కారము తగినచోటికే చేరినదని చెప్పవచ్చును.

1962లో ఈజిప్టు రాజధానియైన కైరోనగరమున ప్రపంచ పోటీలు జరిగినవి. వారి జీవితమున శిఖరప్రాయమైన ఘట్టమిదియే. పలకలన్నియు ముగియునప్పటికి కర్ణీసింగుగారును సోవియట్ దేశపు వేధకు డొకడును సమానమైన మార్కులతో ప్రథమస్థానమున నిలిచిరి. సమానులైనవారు మరల కాల్చి తేల్చుకొనవలెనని నియమము. ఆ తుదిపోరులో విజయము సోవియట్ వేధకుని వరించినది. మనవారికి రజతపతకము దక్కినది. ప్రపంచ విజేత యనిపించుకొనుటకును ద్వితీయుడనిపించుకొనుటకును నడుమ నున్నది ఎంత స్వల్పమైన దూరమో చదువరులు యోచింతురుగాక.

పిదప నడచిన త్రోవ

కథ ఇచ్చట ముగించినచో చదువరులకు సంతోషముగా నుండును. కాని మా యుద్దేశమున కర్ణీసింగుగారి గొప్పదనము కైరోయందు గాక, అటుపిమ్మటి ఇరువది సంవత్సరములలో నున్నది.

1964లో టోకియో ఒలింపిక్ క్రీడలలో వారికి వచ్చినది ఇరువదియారవ స్థానము. ప్రపంచమున రెండవవాడై యుండి రెండేండ్లకే యింత దిగువకు జారినవాడు తుపాకిని గోడకు తగిలించి యూరకుండుట సహజము. వారట్లు చేయలేదు. ఆ సంవత్సరమే మఱియొక విజయమును సాధించిరి. 1465 మొదలు 1949 వరకు బికానేరు వంశమునకును ఢిల్లీ ప్రభుత్వములకును గల సంబంధములను గూర్చి పరిశోధన గావించి, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందిరి. తన రాజ్యము ముగిసిన సంవత్సరముతోనే ముగియు చరిత్రమును తానే వ్రాయ గూర్చున్న రాజుయొక్క నిబ్బరమును మేము మిక్కిలి మెచ్చుకొందుము. అంతటినుండి మహారాజా బిరుదమునకు ముందు డాక్టరు బిరుదము చేరినది. మొదటిది పుట్టుకవలన వచ్చినది, రెండవది కష్టమువలన వచ్చినది.

1968లో మెక్సికో నగరమున మరల పుంజుకొని పదవ స్థానమున నిలిచిరి. అప్పటికి వయస్సు నలువదినాలుగు. ఆ సంవత్సరమే వారి కుమార్తె రాజ్యశ్రీకుమారి చిన్నవయస్సుననే గురివిద్యయందు అర్జున పురస్కారము నందుకొనిరి. ఆడపిల్లను గడప దాటింప సందేహించు క్షత్రియాంతఃపురములు గల దేశమున, కూతురి చేతికి తుపాకి నిచ్చి తన సరసన నిలబెట్టిన తండ్రి యాయన.

1971వ సంవత్సరము వారికి ఒక చేత నిచ్చి మఱియొక చేత తీసికొన్నది. సియోల్ నగరమున జరిగిన ఆసియా గురిపోటీలలో స్వర్ణపతకము లభించినది. ఆ యేడే రాజ్యాంగమునకు ఇరువదియారవ సవరణము జరిగి, సంస్థానాధిపతుల భరణములును, బిరుదములకు ప్రభుత్వ మిచ్చుచున్న గుర్తింపును రద్దయినవి. రావు బీకానాటినుండి వచ్చిన రాజపదవి చట్టముదృష్టిలో నానాటితో ముగిసినది. సియోల్ పతకమును మాత్రము ఏ చట్టమును రద్దుచేయలేదు.

1972లో మ్యూనిక్ నగరమున ముప్పదియారవ స్థానము. 1974లో టెహరానున జరిగిన ఆసియా క్రీడలలో రజతపతకము. 1976లో మాంట్రియల్ నగరమునకు వెళ్లలేదు. 1980లో మాస్కో నగరమునకు మరల వెళ్లిరి. అప్పటికి వయస్సు యేబదియారు. వచ్చినది నలువదిమూడవ స్థానము. ఒలింపిక్ క్రీడలలో అయిదు పర్యాయములు పాల్గొన్న మొదటి భారతీయుడు కర్ణీసింగుగారే. ఈ అయిదింటిలో నొక్కదానియందైనను పతకము రాలేదు. అయినను నలువదిమూడవవానిగా నిలుచుటకు సిగ్గుపడక, యువకుల వరుసలో నిలబడి కేకవేసి తుపాకి నెత్తినాడు. ఇట్టి ధైర్యము పతకములు గెలిచిన వారందఱికిని ఉండదు.

తమ క్రీడాజీవితమును రోము నుండి మాస్కో వరకు వర్ణించుచు వారొక గ్రంథమును గూడ రచించిరి. 1982లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టున జేరి, రణధీర్ సింగు, గుర్బీర్ సింగు, మన్‌షేర్ సింగు గారలతోగూడ రజతపతకము పొందిరి. అప్పటికి వారి వయస్సు యేబదియెనిమిది. 1988 సెప్టెంబరులో తమ అరువదినాల్గవ యేట ఢిల్లీయందు పరమపదించిరి.

అనంతరము

1982 ఆసియా క్రీడలకై ఢిల్లీ సమీపమున తుగ్లకాబాదునందు నిర్మింపబడిన గురిక్షేత్రమునకు పిదప డాక్టరు కర్ణీసింగుగారి పేరు పెట్టబడినది. దేశపు వేధకు లెందఱో నేడు సాధన చేయుచున్నది అచ్చటనే. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో, దీనికి సోదరప్రాయమైన డబుల్ ట్రాప్ పోటీయందు రాజ్యవర్ధన్ సింగు రాఠోడ్ గారు రజతపతకము గెలిచిరి. 2006లో జాగ్రెబ్ నగరమున మానవ్‌జిత్ సింగు సంధూ గారు ట్రాప్ క్రీడలో ప్రపంచ విజేత యైరి. ఈయన 1982లో కర్ణీసింగుగారి సరసన నిలిచిన గుర్బీర్ సింగుగారి కుమారుడు. కైరోయందు చేజారిన ఫలము నలువదినాలుగేండ్లకు చెలికాని కొమారుని చేతికి దొరకినది.

మన హైదరాబాదును వెనుకబడలేదు. మన నగరవాసియైన కైనన్ చెనాయ్ గారు 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో ట్రాప్ పోటీయందు పాల్గొనిరి. 2023లో చైనాదేశమున జరిగిన ఆసియా క్రీడలలో జట్టుతో స్వర్ణమును, తామొక్కరుగా కాంస్యమును గెలిచిరి. ఉస్మాన్‌గంజ్‌నుండి కొన్ని మైళ్ల దూరముననే అట్టి వేధకుడున్నాడను సంగతి మన బాలురలో నెందఱికి తెలియును?

సంఘబంధువులకు విన్నపము

కులసంఘపు సంచికలో నీ చరిత్రమును వ్రాయుటకు గల కారణము నిక స్పష్టముగా చెప్పవలెను. మనమందఱము వంశమును గొప్పగా చెప్పుకొనుటకే సాధారణముగా ఇట్టి సభలయందు గూడుచుందుము. అది తప్పని మేమనము. పూర్వులను స్మరింపని జాతికి వేరులుండవు. కాని వంశమువలన రాదగినదెల్ల కర్ణీసింగుగారికి పుట్టుకతోనే వచ్చినది; వచ్చినదెల్ల వారి కన్నులయెదుటనే పోయినది. రాజ్యము 1949లో పోయినది, బిరుదము 1971లో పోయినది. మిగిలినవి యేవి? తానై గెలిచిన పతకములు, తానై వ్రాసిన గ్రంథములు, ప్రజలు తామై అయిదుమారు లిచ్చిన వోట్లు. వీనిలో నొకటియు తాతతండ్రుల పెట్టెలోనిది కాదు. పూర్వుల పేరు మనలను కందకము చెంతవరకు తీసికొనిపోగలదు. తుపాకి నెత్తవలసినవారము మాత్రము మనమే.

మఱియొక సత్యమునుగూడ దాచరాదు. తుపాకియు, తూటాలును, విదేశయాత్రయు కొనగలిగిన సంపద వారికుండెను. అంత చురుకైన కన్నే ఒక హమాలీ కుమారునకో, చిల్లరదుకాణపు గుమాస్తా కుమారునకో ఉన్నచో, ఆ కన్ను దుకాణపు చీకటిలోనే కాలము గడపియుండెడిది. మేము బోధించిన బాలురలో రాయి విసరి చింతకాయను తొడిమకడ తెగగొట్టగలవారు కొందఱుండిరి. వారికి మేము దండన విధించితిమే కాని దారి చూపలేదు. ముదిమియందు దానికి మేము చింతిల్లుచున్నాము. మన సంఘపోషకులు విద్యార్థులకు పుస్తకములును వేతనములును ఇచ్చుచున్నారు; సంతోషము. ఆ నిధిలో నొక చిన్న భాగమును ఆటలయందు నేర్పుగల పేదబాలురకును, బాలికలకును కేటాయింపవలెనని మహాసభవారిని వినయపూర్వకముగా వేడుచున్నాము. అందు నలువదిమూడవ స్థానము వచ్చినవానినిగూడ మరల పంపుటకు మనకు ఓపిక యుండవలెను. ఆ యోపిక లేకున్న ప్రథముడెన్నటికిని పుట్టడు.

పలక తప్పిపోయినను మరల కేకవేసి తుపాకి నెత్తు స్థైర్యము మన బిడ్డలకు గలుగునుగాక. దాతల చేతులు సదా పచ్చగా నుండునుగాక. సంఘమునకు శుభమగుగాక.